అట్ట ఒకరిది, బొమ్మ ఒకరిది, కథ ఎవరిదో

చందమామ సీరియల్ అంటే మొదటి పేజీలో పెద్ద బొమ్మ, ఆ బొమ్మ మూలన ‘చిత్ర’ అనే సంతకం. కథ రాసినవాళ్ల పేరు మాత్రం వెతికినా దొరికేది కాదు. ఏండ్ల తరబడి అట్లనే నడిచింది. అందుకే మా వరంగల్ దిక్కు అరవైల్లో, డెబ్బైల్లో చందమామతో చదువు నేర్చినవాళ్లను కదిలిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ‘తోకచుక్క’ బొమ్మలు ఎవరివి అంటే తడుముకోకుండా చిత్ర అంటారు. రాసింది ఎవరు అంటే కాసేపు మౌనం. కొందరు చక్రపాణి అంటారు, కొందరు కుటుంబరావు అంటారు. దాసరి సుబ్రహ్మణ్యం పేరు చాలామందికి తెల్లజుట్టు వచ్చినంకనే తెలిసింది.

పేర్లు ముందు సరిగ్గా పెట్టుకుందాం. చందమామను నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు 1952లో వచ్చి 1980లో కన్నుమూసేదాకా సంపాదకత్వం చూశారు. దాసరి సుబ్రహ్మణ్యం కూడా 1952లోనే చేరారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలైన ఆయన వరుస ఇది: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు. మొత్తం పన్నెండు. వీటికి బొమ్మలు వేసిన చిత్ర అసలు పేరు టి. వీరరాఘవన్. ఆయన 1978లో పోయారు. ఆ వరుస కూడా అక్కడితోనే ఆగింది. దాసరి వారు 2010 జనవరిలో వెళ్లిపోయారు.

అట్ట ముచ్చట వేరు. సీరియల్‌కూ అట్టకూ సంబంధం తక్కువ. లోపల ‘తోకచుక్క’ మాంత్రికులు ఏకాక్షి, చతుర్నేత్రుడు ఒకరి మీద ఒకరు మంత్రాలు విసురుకుంటుంటే, పైన అట్ట మీద భారతమో రామాయణమో నడుస్తుండేది. తొలి ఏండ్లలో ఎం.టి.వి. ఆచార్య, తర్వాత వడ్డాది పాపయ్య. ఈ విడదీత వల్ల ఎంత మేలు జరిగిందో మా ఊళ్లలో పెద్దలకు తెలుసు. కథల పుస్తకాలు పిల్లలను పాడు చేస్తాయని నమ్మే ఇండ్లలోకి కూడా చందమామ నేరుగా వచ్చేది. అట్ట మీద కృష్ణుడు ఉంటే తాతయ్య కూడా కళ్లకద్దుకుని పక్కన పెట్టేవాడు. ఆ కృష్ణుడి చాటున నాలుగు కళ్ల మాంత్రికుడు ఇంట్లో అడుగుపెట్టేవాడు. అదే మాంత్రికుడిని అట్ట మీద వేసి ఉంటే సగం ఇండ్లలో గడప దగ్గరే ఆగిపోయేవాడని నా గట్టి నమ్మకం.

అట్టల మీద వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904 నుంచి ఉంది. అట్లాంటి గ్రంథాలయాల్లో పాత చందమామలు తిరగేసిన పాఠకులు రెండు పక్షాలు. ఆచార్య పక్షం వాళ్లు శరీర నిర్మాణం చూపిస్తారు. భీముడి భుజం మీద కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో లెక్క తప్పదు. గద ఎత్తితే బరువు నడుము మీద పడుతుంది, కాలి వేళ్లు నేలను పట్టుకుంటాయి. వడ్డాది పక్షం వాళ్లకు ఆ బరువుతో పని లేదు. వాళ్లు రంగును చూస్తారు. నీలం, ఆకుపచ్చ, ఊదా మూడూ ఒకదానిలోకి ఒకటి కరిగిపోయే నేపథ్యం, దాని ముందు పసుపు ఛాయ మనిషి, చెవి దాకా సాగిన కన్ను, నగలో ప్రతి పూసకూ ఒక వెలుగు చుక్క. వడ్డాది శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో ఉండి అట్టలు వేశారు. 1992 డిసెంబరులో పోయారు. ‘యువ’, ‘స్వాతి’ పత్రికల్లో ఆయన వేసిన నాయికలను ఎరిగినవాళ్లు చందమామ అట్ట మీద రాక్షసుణ్ణి చూస్తే కూడా వెంటనే పోల్చుకుంటారు. రాక్షసుడి కోరలకు కూడా ఆయన చేతిలో ఒక నాజూకు ఉంటుంది.

నన్నడిగితే, అట్టగా వడ్డాదివే గొప్పవి. అట్ట పని బుక్‌స్టాలు తీగ మీద క్లిప్పుకు వేలాడుతూ పది అడుగుల దూరం నుంచి మనిషిని పిలవడం. కాజీపేట జంక్షన్‌లో బండి ఆగిన కొద్ది నిమిషాల్లో కిటికీలోంచే చూసి డబ్బులు చాపాలి. అక్కడ కండరాల లెక్క కనిపించదు, రంగు కనిపిస్తుంది. ఆచార్య బొమ్మ ఇంటికి తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుని చూస్తే ఎదుగుతుంది. రెంటికీ చోటు ఉంది, కాకపోతే వేర్వేరు చోట్లు.

ఇగ చిత్ర దగ్గరికి వద్దాం. సీరియల్‌కు అసలైన అట్ట ఆ లోపలి మొదటి బొమ్మే. ఒక పాత సంచిక చేతిలో ఉంటే ఆ పేజీ తెరిచి గీతను గమనించండి. కుంచె మొదలైన చోట సన్నగా, మలుపులో లావుగా, చివర మళ్లీ సన్నగా పోతుంది. కొండరాయి మీద గీతలు అడ్డంగా కాదు, రాయి ఎటు వాలిందో అటే పోతాయి. అందుకే నలుపు తెలుపుల్లో కూడా లోయ లోతు తెలుస్తుంది. మనిషిని తరచు చిన్నగా వేస్తాడు, చెట్టు వేరునో గుహ నోటినో ముందుకు తెచ్చి పెద్దగా వేస్తాడు. భయం పుట్టేది అక్కడే. వింత జంతువు వేసేటప్పుడు కూడా మోకాలు ఎటు మడవాలో అటే మడుస్తాడు. మొసలి తోలు మొసలిదే, ఎలుగు నడక ఎలుగుదే. ఒళ్లు నిజంగా ఉంటేనే తల అబద్ధమైనా నమ్ముతాం. తర్వాత వచ్చిన చాలా జానపద బొమ్మల్లో జరిగిన పొరపాటు ఇదే. కొమ్ములు, కోరలు, మంటలు అన్నీ పెడతారు, కాళ్లు మాత్రం నేల మీద ఆనవు.

చందమామలోనే ఇంకో చిత్రకారుడు శంకర్‌తో పోలిక ఎప్పుడూ వస్తుంది. కె.సి. శివశంకరన్ 1924లో పుట్టి 2020 దాకా ఉన్నారు, మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు. బేతాళ కథల తల బొమ్మ, భుజం మీద శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడు, ఆయనదే. శంకర్ గీత నగిషీ గీత. స్తంభం, పల్లకీ, చీర అంచు దేన్నీ వదలడు. రాజాస్థానం కథకు ఆయన, అడవి కథకు చిత్ర అని పాఠకులు పంచుకున్నారు. ఆ పంపకం సబబే. ఇద్దరినీ తారుమారు చేసి ఊహించండి, శిథిలాలయం ముస్తాబు చేసిన గుడి అయిపోతుంది.

నెలవారీ సీరియల్ బొమ్మకు ఇంకో కష్టం ఉంది. చదివేవాడు ముప్పై రోజుల తర్వాత తిరిగి వస్తాడు. ఖడ్గవర్మ ఎవరు, జీవదత్తుడు ఎవరు అని బొమ్మలోనే ఆనవాలు పట్టాలి. అందుకే చిత్ర ఒక్కొక్కరికీ ఒక గుర్తు కట్టేస్తాడు. ఒకరికి తలపాగా, ఒకరికి దండం, ఒకరికి జుట్టు ముడి. అది కథ ముగిసేదాకా మారదు. ఈ సంగతి మా దిక్కువాళ్లకు కొత్త కాదు. పాత వరంగల్ జిల్లాలోనే ఉండిన చేర్యాలలో నకాషీ పటాలు ఇదే సూత్రంతో నడుస్తాయి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి, ఆరినంక ఎర్ర నేపథ్యం మీద అడ్డవరుసల్లో కథ వేస్తారు. మూరల కొద్దీ పొడుగు. రాత్రిపూట దీపం వెలుగులో కథ చెప్పేవాళ్లు కర్రతో చూపిస్తుంటే, దూరంగా కూచున్నవాళ్లకు కూడా ఫలానా వీరుడని తెలియాలి. అందుకే ఒంటి రంగు, తలకట్టు గుర్తుగా నిలబడతాయి. పటం చూసి పెరిగిన కంటికి సీరియల్ బొమ్మ చదవడం ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

రాయి కూడా అంతే. ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా తోరణాలు, నడుమ కూలిన స్వయంభూ దేవాలయం ముక్కలు. ‘శిథిలాలయం’ అనే మాట చదివిన పిల్లలకు ఆ చోటు కండ్ల ముందే ఉంది. 1213 నాటి రామప్ప గుడి చూరు కింద మదనికలనే స్త్రీ శిల్పాల పక్కన, ఏనుగు తల, సింహం ఒళ్లు ఉన్న గజవ్యాళాలు ఉంటాయి. గణపురం కోటగుళ్లలో సగం మనిషి, సగం సింహం ఏనుగు మీద నిలబడ్డ రూపాలు ఉంటాయి. చిత్ర వేసిన వింత జీవాలు చూసి ఇవెక్కడివి అని మా దగ్గర ఎవరూ అడగలేదు. ఇంకా రాతిలో ఎక్కువ కోరలున్నవి చూసి ఉన్నాం. ఇక్కడి పాఠకులు ఈ సీరియళ్లను అంత సొంతం చేసుకోవడానికి నాకు తోచిన కారణాల్లో ఇదే పెద్దది.

ఒక్క చోట మాత్రం మా దిక్కు పాఠకులు బొమ్మతో రాజీపడలేదు, పడకూడదు కూడా. అడవి మనుషుల బొమ్మలు. తల మీద ఈకలు, మెడలో ఎముకల దండ, నరబలి ఇచ్చే పూజారి. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో కోయలను, నాయకపోడులను రోజూ చూసే ఊళ్లవాళ్లకు అది అబద్ధమని తెలుసు. రెండేండ్లకోసారి మేడారంలో సమ్మక్క సారలమ్మ ముందు లక్షల మంది నిలబడి బంగారమని బెల్లం ఇచ్చుకునేది కోయ ఆడబిడ్డలకే. ఆ ఈకలు విదేశీ సాహస కథల బొమ్మల నుంచి వచ్చినవి, మన గూడేల నుంచి కాదు. కథ కొంత నయం. ‘శిథిలాలయం’లో శిఖిముఖి లాంటి గూడెం యువకుణ్ణి నాయకుడిగా నిలబెట్టిన కలం దాసరి వారిది. బొమ్మ ఆ మెట్టు ఎక్కలేదు. ఈ మాట అన్నందుకు చిత్ర మీద గౌరవం తగ్గదు. ఇప్పుడు పిల్లలకు ఆ పేజీలు చూపించేటప్పుడు మాత్రం పక్కన కూచుని ఈ సంగతి చెప్పడం అవసరం.

పన్నెండింటిలో ఏది మేలు అనే పోటీ ఉంటుంది. తోకచుక్క, మకరదేవతలను మొదటి తరం వదలదు. సమరసేనుడు ఓడ దిగడంతోటే వాళ్ల లోకం మొదలైంది. రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అరవైల పిల్లలవి. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు జంట డెబ్బైలవాళ్ల సొత్తు. ఎవరు ఏ వయసులో చదివారో అదే గొప్పది అంటారు. నా లెక్క వేరు. బొమ్మా కథా ఒకే ఊపుతో నడిచింది శిథిలాలయంలో. అడవి, గుడి, లోయ మూడూ చిత్ర చేతికి బాగా వచ్చినవి, దాసరి వారూ అక్కడే నిలిచి కథ నడిపారు.

విమర్శలూ ఉన్నాయి. స్త్రీ పాత్రలు తక్కువ. ముగింపులు తరచు తొందరగా అయిపోతాయి. ఏండ్ల తరబడి తిరిగిన కథ చివరి నెలలో గబగబా సర్దుకుంటుంది. దీనికి కారణం పద్ధతిలోనే ఉంది. ప్రతి నెలా మొదట బ్రాకెట్లలో జరిగిన కథ, చివర ఒక ఆపద, కింద ‘ఇంకా ఉంది’. ఆపద మీద ఆపద పెంచుకుంటూ పోయే కట్టడంలో ముగింపుకు మిగిలే చోటు తక్కువ. ఇప్పుడు పుస్తకంగా ఒకే ఊపున చదివేవాళ్లకు ఆ ఎగుడుదిగుడులు విసుగు పుట్టించడం సహజం. ఆ కథలను రోజుకు ఒక భాగం చొప్పున చదవాలి. అప్పుడే వాటి నడక తెలుస్తుంది.

సీరియల్‌ను పుస్తకంగా దాచుకోవాలన్న ఆశ నుంచి మా ఊళ్లలో ఒక పెద్ద పనే పుట్టింది, బైండింగు. దాని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే మిగిలిన చందమామల్లో ఎక్కువ భాగం ఆ బైండుల్లోనే మిగిలాయి, పాడైనవీ ఆ బైండుల్లోనే పాడయ్యాయి.

మొదటి ఆలోచన అందరికీ ఒకటే: సీరియల్ పేజీలు మాత్రం చింపి కుట్టిద్దాం. అది కుదరదు. సీరియల్ మొదటి పేజీ వెనుక వేరే కథ చివరి పేజీ ఉండొచ్చు, సీరియల్ చివరి కాగితం వెనుక ఇంకో కథ మొదలవ్వొచ్చు. ఒకటి దాచబోతే ఇంకోటి తెగుతుంది. పైగా నడిమి మడతలో పిన్ను కొట్టిన సంచికలో ప్రతి కాగితానికీ అవతలి సగం ఉంటుంది. ఇవతలి సగం చింపితే అవతలిది ఊడి రాలిపోతుంది. కాబట్టి సంచికలు సంచికలుగానే కుట్టాలి.

పన్నెండు నెలలు ఒకే బైండు చేయించడం రెండో ఆశ. అది కూడా వద్దు. లావైన బైండును పక్క నుంచి దబ్బనంతో పొడిచి కుడితే లోపలి అంచు అరంగుళం దాకా కుట్టులోకి పోతుంది. చందమామలో లోపలి వైపు ఖాళీ ఎక్కువ ఉండదు, వరుస చివరి అక్షరాలు కుట్టులో మునిగిపోతాయి. చదవాలని బలవంతంగా విప్పితే వెన్ను విరుగుతుంది, కాగితాలు కుట్టు దగ్గరే కోసుకుపోతాయి. ఆరు నెలలకొక బైండు మంచిది. నడిమి పిన్ను సంచికలైతే పక్క కుట్టు వద్దని, మడతలోంచే దారం పోనిచ్చి ఒక్కో సంచికను పక్క సంచికకు ముడి వేయమని చెప్పాలి. పని ఎక్కువ, కూలి ఎక్కువ, కానీ పుస్తకం బల్ల మీద వెల్లకిలా పడుకుంటుంది. పక్క నుంచి పిన్ను కొట్టిన సంచికలకు వేరే దారి లేదు, పక్క కుట్టే. అప్పుడు నాలుగు నెలలకు మించి కలపకుండా ఉంటే మేలు.

పిన్నులు తీయడం ముందు పని. వాటిని గోళ్లతో లాగితే కాగితం చిరుగుతుంది. వెనుక మడిచిన కొసలను మొండి చాకుతో లేపి, నిటారుగా నిలబెట్టి, అవతలి వైపు నుంచి నెమ్మదిగా లాగాలి. తుప్పు పట్టిన పిన్ను చుట్టూ కాగితం గోధుమ రంగుకు తిరిగి పెళుసుగా ఉంటుంది. ఆ చోట పల్చటి కాగితం పట్టీ అతికించినంకనే కుట్టాలి, లేకపోతే దారం అక్కడే తెగ్గోసుకుపోతుంది. సెల్లోటేపు మాత్రం ఎక్కడా వాడొద్దు. కొన్నేండ్లకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం పసుపు మరకగా కాగితంలో ఉండిపోతుంది, ఇంక తీయలేం.

లై సంగతి. మైదా నీళ్లలో ఉండలు లేకుండా కలిపి సన్నసెగ మీద ఉడికిస్తారు. పురుగు రాకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేయడం బైండర్ల అలవాటు. వెన్నుకూ గట్టి అట్టకూ అది నడుస్తుంది. బొమ్మ ఉన్న కాగితానికి మాత్రం మైలుతుత్తం లేని లై వాడమని అడగండి. మైలుతుత్తంలో ఉండే రాగి లోహం కాగితాన్ని కాలం గడిచేకొద్దీ తినేస్తుంది, పచ్చటి మరక కూడా దిగుతుంది. లై పల్చగా రాయాలి. తడి ఎక్కువైతే చందమామ కాగితం ఉబ్బి, ఆరినప్పుడు ముడతలు పడుతుంది. అతికించిన వెంటనే పైనా కిందా శుభ్రమైన కాగితం పెట్టి, పలక మీద బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. వానాకాలంలో ఇంకో రోజు.

చివరగా కటింగ్. మూడు వైపులా మిషన్‌లో కోసి అంచులు నున్నగా చేస్తారు. ఇక్కడే బొమ్మలు పోయాయి. చిత్ర తల బొమ్మ అంచు దాకా వచ్చిన చోట సంతకమే కత్తికి బలైన బైండులు ఎన్నో. రచయిత పేరు అచ్చులో లేదు, చిత్రకారుడి పేరు కత్తికి పోయింది. కటింగ్ వద్దని చెప్పండి, గరుకు అంచులతో పుస్తకానికి ఏ లోటూ రాదు. తప్పదంటే రెండు మిల్లీమీటర్లు దాటొద్దు.

అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న బైండర్ మొదట్లోనే అడుగుతాడు: అట్టలు తీసెయ్యాలా, ఉంచాలా? అట్ట కాగితం మందం, నునుపు. లోపలి కాగితంతో కలిపి కుడితే మడత సరిగ్గా పడదు, బైండు లావెక్కుతుంది. అందుకే తీసెయ్యడమే ఆయనకు సులువు. చాలామంది సరే అన్నారు. వడ్డాది వారి అట్టలు అట్లా ఊళ్లకు ఊళ్లలో పొట్లాల కాగితమయ్యాయి. ఈరోజు లోపలి పేజీలు నిండుగా ఉండి అట్టలు లేని బైండులు ఎన్నో దొరుకుతాయి, అట్టలు మాత్రం అపురూపం. గ్రంథాలయం ప్రతుల్లో అట్ట ఉంటుంది, కానీ ముద్ర సరిగ్గా ముఖం మీద పడి ఉంటుంది. అద్దె పుస్తకాల షాపుల ప్రతుల్లో అట్ట మీద ఖాకీ కాగితం అతికించి నంబరు వేసి ఉంటుంది. ఆ ఖాకీని ఊడదీయబోతే బొమ్మ రంగు పొరగా దానితోపాటే లేచి వస్తుంది. మైదా లైతో అతికించినదైతే కాస్త ఆశ ఉంది. తడి గుడ్డను గట్టిగా పిండి, ఖాకీ మీద మాత్రం కొంచెం కొంచెంగా అద్ది, లై మెత్తబడినంక మూల నుంచి అంచుకు సమాంతరంగా లాగాలి. పైకి లాగొద్దు. ముందు బొమ్మ లేని మూలన పరీక్షించి చూడాలి. రంగు గుడ్డకు అంటితే అక్కడితో ఆపెయ్యడమే.

ఉన్న అట్టలను ఎట్లా చూడాలో కూడా చెప్పాలి. భూతద్దం పెట్టి చూస్తే నాలుగు రంగుల చుక్కలు కనిపిస్తాయి: నీలం, మెజెంటా, పసుపు, నలుపు. నాలుగు సార్లు అచ్చు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే బొమ్మ పదును. ఒక రంగు వెంట్రుకవాసి జరిగితే సీత కనుపాప పక్కన ఎర్రటి నీడ, పెదవి అంచు దాటిన రంగు. ఒకే నెల అట్ట ఒక ప్రతిలో అందంగా, ఇంకో ప్రతిలో మసకగా ఉండటానికి కారణం ఇదే, చిత్రకారుడి చేతిది కాదు. మాకు నచ్చలేదని ఒక అట్టను తీసిపారేసిన వాదనల్లో సగం ఈ జరిగిన రంగు మీద నడిచిన వాదనలే. కనీసం రెండు ప్రతులు చూసిగానీ బొమ్మ మీద తీర్పు చెప్పకూడదు.

ఎండ ఇంకో శత్రువు. అట్టను ఫ్రేము కట్టి వెలుతురు పడే గోడకు వేలాడదీస్తే పసుపు, మెజెంటా ముందు వెలుస్తాయి, నీలం, నలుపు మిగులుతాయి. వడ్డాది వారు పసుపు ఛాయలో వేసిన దేవతలు చావు కళతో నీలంగా నిలబడతారు. నీలం ఎక్కువ వాడతాడని ఆయన మీద కొందరు చెప్పే ఫిర్యాదుకు ఇట్లాంటి వెలిసిన ప్రతులూ కొంత కారణం. గోడకు నకలు పెట్టండి. అసలు చీకట్లో, పడుకోబెట్టి, ఒక్కో అట్ట నడుమ తెల్ల కాగితం వేసి ఉంచాలి. లామినేషన్ చేయిస్తే వేడికి రంగు మారుతుంది, తర్వాత విప్పే దారి ఉండదు.

చందమామ రావడం ఆగిపోయినంక ఇప్పుడు సగం పాఠకులు స్కాన్లలోనే చదువుతున్నారు. మంచిదే, కానీ స్కానులో చిత్ర గీతకు అన్యాయం జరుగుతోంది. సైజు తగ్గుతుందని తక్కువ రిజల్యూషన్‌లో తీస్తే సన్న గీతలు కలిసిపోయి కొండ మొత్తం నల్ల మచ్చ అవుతుంది. 600 డీపీఐలో తీసి, తర్వాత కావలసినంత తగ్గించుకోవాలి. అట్టలు తక్కువలో తీస్తే రంగుచుక్కల వల్ల అలలు అలలుగా వల కనిపిస్తుంది. లోపలి కాగితం పల్చన కాబట్టి వెనుక పేజీ అక్షరాలు బొమ్మలోకి తేలతాయి. పేజీ వెనుక నల్లటి కాగితం పెడితే అవి చాలావరకు పోతాయి. కాగితం పసుపును కంప్యూటర్‌లో పూర్తిగా తెల్లగా చేయాలని చూడొద్దు, ఆ ఊపులో సన్న గీతలు కూడా ఎగిరిపోతాయి.

మిగిలింది ఒక్క వాదన. సొంతంగా ఒక సీరియల్‌ను చేర్చి పుస్తకం చేసుకున్నప్పుడు పైన ఏ బొమ్మ పెట్టాలి? ఆ కథ మొదలైన నెల వడ్డాది అట్ట పెట్టాలని ఒక వర్గం అంటుంది, ఆ రోజుల్లో చేతికి వచ్చిన రూపం అదే కాబట్టి. ఆ కథకు సంబంధం లేని బొమ్మ ఎందుకు, చిత్ర మొదటి నెల బొమ్మనే పెద్దది చేసి పెట్టాలని రెండో వర్గం. నేను రెండో వర్గంలో ఉన్నాను. రాసినవాళ్ల పేరు లేకుండా అన్నేండ్లు నడిచిన కథకు బొమ్మ కూడా వేరేవాళ్లది పెడితే ఇంకేం మిగులుతుంది? చిత్ర బొమ్మ పైన, దాసరి సుబ్రహ్మణ్యం పేరు దాని కింద పెద్ద అక్షరాల్లో. వడ్డాది అట్టను లోపల మొదటి కాగితంగా చేర్చొచ్చు. ఒక్క జాగ్రత్త: చిత్ర బొమ్మకు కొత్తగా రంగులు పూయొద్దు. ఆ లావు సన్నాల గీతే నీడలు చేస్తోంది, దాని మీద రంగు పడితే రాయి చదునై, గుహ నోరు మూసుకుపోతుంది. రంగు వేసి చూడాలనిపిస్తే నకలు మీద వేయండి, అసలు స్కానును నెల, సంవత్సరం, పేజీ నంబరు పేరుగా పెట్టి వేరే చోట దాచండి.